గంటగోపురం కంటపడిన కోటు

ప్రపంచంలో పొరపాటు చేయని మగవాళ్లు ఇద్దరే పుట్టారు. ఒకాయన ఎప్పుడో స్వర్గానికి వెళ్లిపోయాడు. రెండో ఆయన, ఒడీల్ మొగుడు లూసియన్, ఇంట్లో కూర్చుని, ఉల్లిపాయ సూపు చల్లారిందని సణుగుతున్నాడు. ముప్పై నాలుగేళ్ల కాపురంలో లూసియన్ తప్పు ఒప్పుకున్న సందర్భం ఒక్కటీ లేదు. (పెళ్లినాడు వేరే చర్చికి వెళ్లి గంటసేపు ఎదురుచూసిన మాట నిజమే, కానీ ఆ రోజు తప్పు చర్చిది.)

ఆయన ఫ్రాన్సులోని మోంరివాల్ పురపాలక సంఘంలో దృశ్య గౌరవ విభాగానికి అధిపతిగా చేసి రిటైరయ్యాడు. ఆ ఊరి పెద్ద చర్చి అయిన ఎనిమిది వందల ఏళ్ల కెథడ్రల్‌ని మనుషులు చూడడం గొప్ప కాదు, మనుషుల్ని చూసి కెథడ్రల్ నొచ్చుకోకపోవడం గొప్ప అన్నది ఆ విభాగం మూలసూత్రం. దాని గంటగోపురం కంటపడే ఏ కిటికీకైనా మూడే రంగులు చెల్లుతాయి: పావురం బూడిద, వాన బూడిద, మధ్యస్థ విచారం. పూలకుండీలకు మినహాయింపు ఉంది. పూలు మరీ ఎక్కువ పూస్తే లేదు.

అలాంటి మనిషి ఇంటి అటకగదిలో అక్టోబరులో సెకార్ దిగింది. ఇండోనేషియా నుంచి ఏడాది చదువుకు వచ్చిన పిల్ల. విశ్వవిద్యాలయం ఆమెకు ‘నగర పరిచయం’ అనే పాఠం పెట్టింది. ఊరంతా నడిచి, పద్నాలుగు అధికారిక దర్శన స్థలాల్లో నిలబడి, ఎక్కడి నుంచి ఏమేం కనబడతాయో పటం గీయాలి. మోంరివాల్‌లో అక్టోబరంటే వాన. సెకార్ రోజూ తడిసి వచ్చి, తనకున్న ఒక్క పసుపుపచ్చ రెయిన్‌కోటునీ అటక కిటికీకి ఆరేసేది.

పదకొండో రోజున నోటీసు వచ్చింది. నేరం: అనుమతి లేని ఉల్లాసం. వారంలోగా ఆరోపణ వీగిపోనిచో, సదరు విద్యార్థిని చారిత్రక మండలం వెలుపల, ఇరవై రెండు కిలోమీటర్ల దూరంలోని హాస్టలుకు తరలించబడును. (ఆ హాస్టలుకు ఆఖరి బస్సు అయిదున్నరకి. సెకార్ తరగతులు ముగిసేది ఆరింటికి. చదువు మానెయ్యమని నోటీసులో ఎక్కడా లేదు. విభాగం అంత మొరటుది కాదు.) అడుగున ఫిర్యాదుదారు సంతకం ఉంది.

ఒడీల్ ఆ కాగితాన్ని మొగుడి జున్నుపళ్లెం పక్కన పెట్టింది.

“ఇది నీ సంతకమేనా?”

“నాదే. ఎవరిదో కొంప, పసుపు గుడ్డ వేలాడేశారు. సిగ్గులేని జనం.”

“ఆ జనం మనమే.”

లూసియన్ జున్ను కోయడం ఆపలేదు. “మన ఇంటి వెనకవైపు నేనెప్పుడు చూశాను కనక? అయినా చట్టానికి చుట్టరికాలుండవు.”

“అయితే రేపట్నుంచి సూపు చట్టాన్నే కాచిపెట్టమను.”

“కోటు తీసేస్తాను మదాం,” అంది సెకార్ గుమ్మంలోంచి.

తీసినా లాభం లేదు. ఒకసారి కనబడిన దృశ్యం కనబడినట్టే అని తొమ్మిదో నిబంధన. ఫిర్యాదుదారుడే అధికారి ఎదుట నిలబడి, తాను చూసింది తప్పని నోటితో చెబితేనే ఆరోపణ వీగుతుంది. ఆ నిబంధన రాసింది లూసియనే. రాసినప్పుడు, అలా తప్పు ఒప్పుకునే మనిషి ఫ్రాన్సులో ఉంటాడని ఆయనకు నమ్మకం లేదు.

“కానీ మదాం,” అంది సెకార్, “పద్నాలుగు చోట్ల నుంచీ చూశాను. రెండుచోట్ల జారిపడ్డాను కూడా. మన కిటికీ ఎక్కడి నుంచీ కనబడదు. గంటలున్న ఉత్తర గోపురం పైనడవా నుంచి కనబడొచ్చేమో. రాళ్లు ఊడుతున్నాయని దానికి తాళం వేసి పదకొండేళ్లయిందట. అక్కడి హెచ్చరిక బోర్డు మీద సంతకం కూడా…”

సంతకం ఎవరిదో ఒడీల్‌కు చెప్పనక్కర్లేదు. గురువారం గురువారం ఇనపగోళీల ఆటకని వెళ్లే మనిషికి దుర్భిణీ ఎందుకని ఆమె ఇన్నాళ్లూ అడగలేదంతే.

విచారణ పదిన్నరకి. అధికారి మదాం కొల్లార్, ఒకప్పుడు లూసియన్ దగ్గరే పని నేర్చుకున్నది.

“ఎక్కడి నుంచి చూశారు మెస్యూ?”

“నా కళ్లతో చూశాను.”

“కళ్లు ఎక్కడ ఉండగా?”

సెకార్ పటాలు పరిచింది. మదాం కొల్లార్ పద్నాలుగూ తిప్పింది, తొందరపడకుండా. ఏ పటంలోనూ ఆ కిటికీ లేదు.

“ఇక మిగిలింది ఉత్తర గోపురం. ఎక్కినవాళ్ల తాళంచెవి స్వాధీనం చేసుకుని, జీవితాంతం కెథడ్రల్ మెట్లెక్కనివ్వకూడదు. మీరు నేర్పిన పాఠమే.”

“చెప్పెయ్ లూసియన్, మొహమాటమెందుకు?” అంది ఒడీల్. “ఈమధ్య గోళీలు గోపురం మీద కూడా ఆడుతున్నారేమో.”

పదకొండున్నర అయింది. భోజనం గంట దగ్గరపడి, గుమాస్తా సొరుగులు మూస్తున్నాడు. సెకార్ బూట్ల నుంచి నీళ్లు ఆఫీసు గచ్చుమీద బొట్లు బొట్లుగా కారుతున్నాయి. లూసియన్ ఆ నీళ్లవంక చూశాడు. తన కోటు జేబులో గోపురం తాళంచెవిని తడుముకున్నాడు.

“నాది తప్పు,” అన్నాడు.

“కాస్త గట్టిగా మెస్యూ. రికార్డుకి.”

“నేను తప్పు చూశాను. ఆ కిటికీలో ఏ కోటూ లేదు.”

మదాం కొల్లార్ ముద్ర వేసి, భోజనానికి వెళ్లిపోయింది. ముప్పై నాలుగేళ్లలో లూసియన్ ఒప్పుకున్న తప్పు అదొక్కటే. చేయని తప్పూ అదొక్కటే.