జానెడు జానెడుగా జరిగిన కుర్చీ

ముందే చెబుతున్నాను, నేను ఓడిపోలేదు. మా ఆవిడ మీతో ఇంకోలా చెబితే నమ్మకండి.

వాళ్ళమ్మను కొన్నాళ్ళు మా దగ్గర ఉంచుకుందామంది ఆవిడ. ఇల్లు ఇరుకు, ఇంకో మనిషికి చోటు లేదని తేల్చి చెప్పాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నా పడక కుర్చీ బాల్కనీలో ఉంది. ఇరుకన్నారుగా, చోటు చేశానంది. ఆ ఇంట్లో నా మాట చెల్లే చోటు ఆ కుర్చీ ఒక్కటే. దాన్ని హాల్లోకి తెచ్చి తీరతానని ఒట్టు పెట్టుకున్నాను.

నాది కళ్ళజోళ్ళ షాపు. మర్నాడే అద్దాలు మార్పించుకోవడానికి ఒక గారడీ ఆయన వచ్చాడు. చేతివేగమనేది వట్టి మాట అన్నాడు. "జనం కళ్ళతో చూడరండీ, ధ్యాసతో చూస్తారు. నేనెటు చూస్తే వాళ్ళూ అటే చూస్తారు. ఈలోగా నా రెండో చెయ్యి దాని పని అది చేసుకుంటుంది."

ఇన్నేళ్ళుగా జనానికి అద్దాలు అంటగడుతున్న నాకు ఈ సంగతి తెలియనందుకు కాస్త సిగ్గేసింది. అయినా విద్య దొరికింది, అది చాలు.

ఆ రోజునుంచే మొదలుపెట్టాను. కిటికీ వైపు చూసి అదేమిటంటాను. ఆవిడ అటు తిరిగేలోగా కాలితో కుర్చీని జానెడు లోపలికి తోస్తాను. ఒకరోజు గిన్నె కింద పడేశాను, ఇంకోరోజు లేని దగ్గు తెచ్చుకున్నాను. పాపం, పిలిచినప్పుడల్లా అమాయకంగా తల తిప్పేది. నేను మాత్రం తింటున్నా తాగుతున్నా ఓరకంట కుర్చీ కాళ్ళనే కొలుస్తూ ఉండేవాణ్ణి.

వారం తిరిగేసరికి కుర్చీ హాలు మధ్యకొచ్చింది. కాలరెగరేసి ఆవిణ్ణి పిలిచాను.

"నీ కళ్ళముందే తెచ్చాను. ఒక్కసారైనా పట్టుకోగలిగావా?"

"మొదటిరోజే చూశాను. బడిలో టీచర్నండీ. పరీక్షలో పెన్సిలు కింద పడేసేవాడొకడు, పక్కవాడి పేపర్లో చూసి రాసేవాడొకడు. రోజూ చూసేదేగా."

"మరి ఆపలేదేం?"

"మీ ధ్యాస అటుంటేనే నా పని జరుగుతుందని. ఈ వారమంతా పొద్దున్నే మీకు టీ ఇచ్చిందెవరు? చక్కెర తక్కువైందని ఎవర్ని సతాయిస్తున్నారు?"

వెనక్కి తిరిగాను. కప్పు పట్టుకుని మా అత్తగారు నిలబడి ఉన్నారు.

"ఇంకో మనిషికి చోటు లేదన్నారుగా. అమ్మ వచ్చి వారమైంది, చిన్న గదిలోనే ఉంటోంది. ఎక్కడైనా ఇరుకనిపించిందా?" అంది మా ఆవిడ.

అత్తగారు కప్పు నా చేతికిచ్చి, తన నడుం నొప్పికి ఇలాంటి కుర్చీయే మంచిదని, పాపం ఎంతో శ్రమపడి తెచ్చానని మెచ్చుకుంటూ అందులో వాలిపోయారు.

ప్రస్తుతం నేను స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాను. అయినా తగ్గేది లేదు. కుర్చీని హాల్లోకి తెస్తానన్నాను, తెచ్చాను. అందులో ఎవరు కూర్చుంటారన్నది నా ఒట్టులో లేదు.