అయిదుగురు కూర్చునే మూట

వారసత్వాన్ని కాపాడడమంటే అది ఎవరికీ పనికిరాకుండా చూసుకోవడమేనని ప్రాచీన వాహన స్వస్వరూప సంరక్షణ కార్యాలయాన్ని స్థాపించిన పెద్దలు ఏనాడో గ్రహించారు. యాభై ఏళ్ళు దాటిన కారు పుట్టినప్పటి రూపంతో, పుట్టినప్పటి రోగాలతో సహా ఉంటే వారసత్వం. లేకపోతే తుక్కు. ఈ రెండింటికీ మధ్యన ఉండేవాటికి వారి యాప్‌లో గడి లేదు కనుక, అలాంటి కార్లు దేశంలోనే లేవు.

చింతాద్రిపేటలో ఉండే రిటైరైన లెక్కల మాస్టారు సూర్యనారాయణగారికి ఇంత జ్ఞానం లేదు. ఆయన దగ్గర నాయన కొన్న పచ్చకారు ఒకటి ఉంది. ఆయన అక్క హైమ డ్రైవింగ్ నేర్చుకున్నది దాంట్లోనే. నలభై ఏళ్ళపాటు ప్రతి పౌర్ణమికీ తిరువొత్తియూరు అమ్మవారి గుడికి వెళ్ళిందీ దాంట్లోనే. ఇప్పుడు ఆవిడకు ఎనభై. మోకాళ్ళకు ఆటో కుదుపులు పడవు, కారేమో సిగ్నల్ పడితే చాలు, మరిగి పొంగుతుంది. రెండేళ్ళ కిందట నడిరోడ్డు మీద గంటసేపు ఎండలో కూర్చున్నాక హైమక్క గుడి మాటే మానేసింది. ఆ మానేయడమే మాస్టారికి మనసులో ముల్లయింది. గుచ్చి గుచ్చి అడిగితే ఒకనాడు చెప్పింది.

"గుడికాడికి ఒక్కసారి పొంగకుండా పోతే చాల్రా సూరీ."

దాంతో ఆయన నేరానికి పూనుకున్నారు. సహనేరస్థుడు చూలైలోని మెకానిక్ మోసెస్. సిగ్నల్ దగ్గర ఇంజను నెమ్మదిస్తే దాంతో తిరిగే ఫ్యాను కూడా నెమ్మదిస్తుందనీ, కరెంటు ఫ్యాను పెట్టాలనీ మోసెస్ తేల్చాడు. దానికి కరెంటు ఇవ్వడానికి పాత డైనమో చాలదు కాబట్టి కొత్తరకం ఆల్టర్నేటర్ కావాలి. అది పెడితే గుడ్డ చుట్టిన పాత వైర్లు కాలిపోతాయి కాబట్టి అవీ మార్చాలి. ఇంత చేశాక చిల్లుల రేడియేటర్ ఒక్కదాన్ని దేవుడికి వదిలేయడం దేనికని అదీ మార్చేశాడు. సామాను కొట్టేశాడన్న మాట పడడం మోసెస్‌కు గిట్టదు. అందుకని తీసిన ప్రతి ముక్కనూ, స్క్రూలతో సహా, గోనెసంచిలో మూటకట్టి, మీద కారు నంబరు పెయింటుతో రాసి అప్పగించడం అతని ఆచారం.

అంతా అయ్యాక మాస్టారు తిన్నగా ఉండక యాప్ తెరిచారు. 'మార్పులు ఏమైనా ఉన్నాయా' అన్న ప్రశ్న కనిపించింది. లెక్కల మాస్టారు గనక పదకొండు మార్పులు వరస నంబర్లతో రాశారు. నాలుగు నిమిషాల్లో సమన్లు వచ్చాయి. (ఆ కార్యాలయం ఒక రోజులోపల చేసిన మొదటి పని ఇదేనని అక్కడివాళ్ళే ఆశ్చర్యపోయారట.)

పరీక్షాధికారి నాగప్పన్ మర్యాదస్తుడు. పొద్దున ఒకటో కౌంటర్‌లో కూర్చుని, కారు పొంగడం లేదని మెచ్చుకుని, రోడ్డుకు తగినదని ముద్ర వేశారు. భోజనమయ్యాక రెండో కౌంటర్‌లో కూర్చుని, వారసత్వ పరీక్షకని అదే కారును ఎండలో నలభై నిమిషాలు నడిపించి చూశారు. వేడి చూపే ముల్లు కదల్లేదు. ఆయన విచారంగా తలాడించారు. (నిబంధన పద్నాలుగు: వాహనము ముప్పది నిమిషములలో పొంగవలెను. పొంగిన నీటిని అధికారి స్వయముగా చూడవలెను.) పొంగకపోతే మెచ్చుకున్నదీ మీరే, తప్పు పడుతున్నదీ మీరే, అదెట్లా అని మాస్టారు అడిగారు.

"అందుకే కదా సార్, రెండు కౌంటర్లు పెట్టినాం," అన్నారు నాగప్పన్.

మాస్టారు వెంటనే పాత సామానంతా భద్రంగా ఉందంటూ డిక్కీలోంచి మూట దింపించారు. నాగప్పన్ ముఖం వెలిగిపోయింది. నంబరు సరిపోయింది, తుప్పు అసలుది, ఎవరూ ఏమీ మార్చలేదు. అక్కడికక్కడే మూటకు వారసత్వ వాహన ధ్రువపత్రం, డ్రైవరుతో కలిపి అయిదుగురిని ఎక్కించుకునే అనుమతీ వచ్చాయి. ఒక నంబరు మీద రెండు వాహనాలు ఉండకూడదు గనక, కారు తుక్కు అయింది. యజమాని దాన్ని తిరువొత్తియూరు తుక్కు యార్డుకు పది రోజుల్లో స్వయంగా నడుపుకుంటూ వెళ్ళి అప్పగించాలి. (కదలలేని వాహనాలను యార్డు స్వీకరించదు.)

పదో రోజు పౌర్ణమి. దారిలో చిన్న సంతకం పని ఉందని మాత్రమే చెప్పి మాస్టారు అక్కను ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నారు. తొమ్మిది సిగ్నళ్ళు పడ్డాయి. పడ్డప్పుడల్లా హైమక్క ఊపిరి బిగబట్టింది, ముల్లు మధ్యలోనే నిలబడింది. ఆరో సిగ్నల్ దాటాక బిగబట్టడం మాని, అద్దం దించి, చిన్నపిల్లలా నవ్వింది. అమ్మవారి దర్శనం తీరికగా అయింది.

యార్డు గేటు దగ్గర గుమస్తా ఫారం చేతికిచ్చి, చివరి ప్రశ్న నోటితో అడిగాడు. "దారిలో ఏడన్నా పొంగిందా?"

పొంగితే వాహనం స్వస్వరూపం తిరిగి పొందినట్టు భావించి యజమానికి వాపసు చేయబడునని ఫారం అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. మాస్టారు అది చదివారు. పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడని మనిషి, ఆడదామని నోరు తెరిచారు. కారు కిటికీలోంచి అక్క గొంతు ముందే వినిపించింది.

"ఒక్క చుక్క పొంగలేదు నాయనా. మా తమ్ముడు ఎంత బాగా చేయించినాడో చూడు."

గుమస్తా ఆ మాటను నేరాంగీకారం అన్న గడిలో రాసుకుని, కింద ఆవిడ చేతే సంతకం పెట్టించుకున్నాడు.

మాస్టారు కారు అప్పగించి, డిక్కీలోని మూటను దించుకుని, ఈడ్చుకుంటూ అక్కతో రైల్వే స్టేషనుకు చేరారు. ప్లాట్‌ఫారం మీద బెంచీ ఖాళీ లేదు. మోకాళ్ళు పట్టేసి హైమక్క మూట మీదే కూర్చుంది. దాని మీద ఇంకా నలుగురికి చోటుందని నాగప్పన్ సంతకం ఉంది.