చెత్త లేని ఇల్లు

ఆ పొద్దున బాలన్న అనుకున్నది ఒక్కటే: చాయ్ తాగి పోయి, బోధన్ బజారులో తన పిండి గిర్ని తెరవాలని. గ్లాసు పట్టుకుని గడపలో కూర్చున్నాడో లేదో చెత్త ఆటో వచ్చింది. ఆటోతో వచ్చే తారాబాయి బుట్ట ముట్టకముందే, గోడకు కొత్తగా అంటించిన స్టిక్కరుకు సెల్లు చూపించింది. సెల్లు కీచుమంది. బాలన్న గ్లాసు కింద పెట్టాడు.

"ఏందక్కా గది?"

"స్కానింగ్ అన్నా. ఇగ తడి చెత్త, పొడి చెత్త వేరేగ ఇయ్యాలె."

బాలన్నకు అనుమానం పుట్టుకతో వచ్చిన జబ్బు. ఇన్నేళ్లు కలిపి తీసుకుపోయిన చెత్తను ఇప్పుడు విడదీసి ఇమ్మంటున్నారంటే, ఎవడో కూర్చుని చూడటానికే! లోపలికి పోయి భార్య గోదావరి చెవిలో గుసగుసలాడాడు.

"రేషన్ కార్డులు ఏరేస్తరటనే. ఎవరు ఏం తింటున్నరో చెత్తల సూస్తరు. మనింట్ల కొత్త ఫ్రిజ్ అట్టడబ్బా ఉన్నది, బుట్టల మటన్ బొక్కలున్నయి. కార్డు పోయిందనుకో, సన్నబియ్యం బంద్! ఏం తిని బతుకుతం?"

"నీ మొకం! మన చెత్త సూసుడే పనా వాళ్లకు?" అంది గోదావరి.

వింటేగా! మర్నాటి నుంచి వాళ్ల చెత్తంతా పక్కింటి దశరథం బుట్టలోకి చేరసాగింది. అట్టడబ్బాను ముక్కలు కోసి రోజుకొకటి దాటించాడు. తారాబాయి ఏమైనా అడుగుతుందేమోనని, ఆటో పాట వినపడగానే తలుపేసుకునేవాడు.

ఆ దశరథమేమో హనుమాన్ మాల వేసుకున్న స్వామి. ఇంట్లో ఉల్లిగడ్డ కూడా కోయడం లేదు. అలాంటి ఇంటి బుట్ట మూత తీస్తే బొక్కలు! ఆయన తన భార్యను అనుమానించాడు. ఆమె ఊరుకుంటుందా?

"మాలేస్కొని హోటల్ల తెచ్చుకుంటున్నవా?" అని ఆయన్నే నిలదీసింది. ఇద్దరూ ఒకరికొకరు కాపలా కాశారు గానీ, బుట్టకు మాత్రం ఎవరూ కాయలేదు.

ఇట్లా నెల గడిచింది. ఒకరోజు రేషన్ కార్డుల విచారణకు ఒక సారు వీధిలోకి వచ్చాడు. బాలన్న కిటికీలోంచి చూశాడు. ఫ్రిజ్ ఆయన కంటపడితే ఇంకేమన్నా ఉందా! ముందు తలుపుకు బయట తాళం వేసి, వెనక తలుపు గుండా లోపలికొచ్చి, గోదావరి నోరు మూసి కూర్చున్నాడు.

బయట సారు అడుగుతున్నాడు. "ఈ ఇంట్ల ఎవరుంటరు?"

"ఎవ్వరు లేనట్టుంది సార్," తారాబాయి గొంతు. "నెల సంది చెత్తనే వస్తలేదు."

"అయితే ఊరిడిసి పోయిండ్రు. కార్డు తీసేద్దాం."

బాలన్న వెనక తలుపు లోంచి ఒక్క ఉరుకు ఉరికి వీధిలోకొచ్చిపడ్డాడు. "ఉన్నం సార్! గీడనే ఉన్నం!"

"ఉంటే మరి చెత్తేది?"

బాలన్న దిక్కులు చూశాడు. పక్కింటి గడపలో దశరథం, ఆయన భార్య నిలబడే ఉన్నారు, పక్కనే వాళ్ల బుట్ట. కార్డు కన్నా సిగ్గు ఎక్కువా? బుట్టలో చెయ్యి పెట్టి దేవాడు.

"గీ బొక్కలు మావే సార్! గీ ఫ్రిజ్ డబ్బా ముక్క మాదే!"

సారుకు నవ్వాగలేదు. "ఫ్రిజ్ ఉంటే నాకేందయ్యా? మనుషులున్నరా లేరా, గదే నాకు గావాలె," అని రాసుకుని పోయాడు.

కార్డు నిలబడింది. దశరథం భార్య మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని భర్త వంక చూసింది. భర్త బాలన్న వంక చూశాడు.

"తప్పయింది స్వామీ," అన్నాడు బాలన్న చేతులు వెనక్కి దాచుకుని.

"నేను మాల తీసేదాంక నీ ఇంట్ల నీసు వండొద్దు. వండినవో లేదో నేనే సూస్త."

అన్నమాట తప్పలేదు. రోజూ పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, దశరథం స్వామి బాలన్న బుట్ట మూత తీసి, తడి వేరు పొడి వేరు చేసి మరీ చూసిపోతున్నాడు. అదీ సర్కారు జీతం లేకుండా.