సబ్బు మీద ఆకు

ఆ ఉదయం సబ్బుల యజమాని పెట్టుకున్న పని ఒక్కటే. ప్రెస్సు నుంచి కొత్త అట్టపెట్టెలు వస్తాయి. వాటిలో సబ్బులు సర్దించి సాయంత్రంలోగా సూపర్ మార్కెట్‌కు పంపాలి. ఆ సూపర్ మార్కెట్ మేనేజరు చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే, చివరికి సరే, ఒకసారి పెట్టి చూద్దాం అన్నాడు. ఈ అవకాశం కూడా చేజారితే షెడ్డుకు తాళం వేసుకోవడమేనని యజమాని భార్యతో అప్పటికే చెప్పి ఉన్నాడు.

పెట్టెలు వచ్చాయి. ప్రతి పెట్టె మీదా పై మూలన పచ్చ సిరా మరక, ఎవరో మిడతను నలిపినట్టుగా ఉంది. ప్రెస్సువాడికి ఫోన్ చేస్తే మళ్లీ అచ్చు వేయడానికి వారం పడుతుందన్నాడు. యజమాని పెట్టెల మధ్య కూలబడ్డాడు.

ప్యాకింగ్ పని చూసుకునే బావమరిది ఒక పెట్టెను కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. "బావా, మరక అనుకుంటే మరక. కింద ఓ కాడ తగిలించి చుట్టూ గుండ్రం గీశామనుకో, ఆకు."

"సబ్బుకి ఆకెందుకురా?"

"ఎందుకో కొనేవాళ్లే అనుకుంటారు. మనం నోరు విప్పితేగా తప్పు."

కాడ, గుండ్రం కలిపి ఒక రబ్బరు స్టాంపు చేయించారు. ప్యాకింగ్ ఆడవాళ్లు మధ్యాహ్నమంతా టపటపా కొట్టారు. సాయంత్రానికి సబ్బులు బయలుదేరాయి.

సూపర్ మార్కెట్‌లో అప్పుడే 'బాధ్యత గల సరుకులు' అని బోర్డు పెట్టి, ప్రత్యేకంగా దీపాలు బిగించి, ఒక అర సిద్ధం చేశారు. అర పెట్టమని పైవాళ్లు చెప్పారు గానీ అందులో ఏం పెట్టాలో చెప్పలేదు. మేనేజరు దిక్కుతోచక తిరుగుతున్న సమయంలో ఆకుతో ఉన్న సబ్బు కనబడింది. అతనికి ప్రాణం లేచొచ్చింది. అర నిండా సబ్బులే సర్దించాడు.

సబ్బులు చూస్తుండగానే అయిపోయాయి. మళ్లీ పంపారు, మళ్లీ అయిపోయాయి. ఆ వెంటనే ఫోన్లు మొదలయ్యాయి.

మొదటి ఫోన్ బావమరిది ఎత్తాడు. ఆకు దేనికి గుర్తండీ అని ఒకావిడ అడిగింది. "మా సబ్బుని ఏ జంతువు మీదా పరీక్షించలేదండీ," అన్నాడు. అందులో అబద్ధం లేదు. ఆ సబ్బును వాళ్లు దేని మీదా పరీక్షించలేదు. రెండోసారి యజమాని భార్య ఎత్తింది. "అడవులు కొట్టకుండా తీసిన నూనె అండీ," అంది. నూనె డబ్బాలు వ్యానులో రావడమే ఆవిడ చూసింది, వ్యాను వెనక అడవి కొట్టేవాళ్లెవరూ కనబడలేదు. ఇంకోసారి యజమానే ఎత్తాడు. "పనివాళ్లని బాగా చూసుకుంటామని గుర్తు," అని చెప్పి, అటుగా వెళుతున్న ప్యాకింగ్ ఆవిడను చూసి గొంతు తగ్గించాడు.

ఫోన్ చేసినవాళ్లు ఆ అర ముందే ఒకరికొకరు తారసపడి, ఆకు అర్థం ఇదంటే ఇదని పోట్లాడుకున్నారు. మేనేజరు వచ్చి విడదీసి, షెడ్డుకు ఫోన్ చేశాడు. "ఏంటండీ, మీ ఆకుకి మనిషికో అర్థం చెబుతున్నారట?"

యజమాని ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. "అన్నీ కలిపే ఆ ఆకండీ," అన్నాడు.

"అన్నీ కలిపా? అంత పెద్ద గుర్తు ఎవరిచ్చారండీ?"

"హరిత ధర్మ మండలి," అన్నాడు యజమాని. ఆ పేరు తన నోట్లోకి ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

"వాళ్ల అడ్రసు ఇవ్వండి. బట్టల పౌడరు ఆయన తనకీ ఆకు కావాలని నా ప్రాణం తీస్తున్నాడు."

దాంతో ఉన్నపళంగా మండలి ఒకటి పుట్టాల్సి వచ్చింది. అధ్యక్షుడిగా మామగారిని అనుకున్నారు. ఆయన కెమిస్ట్రీ లెక్చరరుగా రిటైరయ్యాడు. మార్కులు వేయడానికి ఎవరూ దొరకక, ఇంట్లోవాళ్ల మాటల్లో తప్పులు దిద్దుతూ కాలం గడుపుతున్నాడు.

"నాన్న సంతకం పెడితే చాలు. ఆయనకీ పొద్దుపోతుంది, ఇంట్లోవాళ్లకీ ఊపిరాడుతుంది," అన్నాడు బావమరిది.

మామగారు ఆకు బొమ్మను చాలాసేపు చూసి, "ఇది ఇవ్వడానికి నియమాలేంటి అల్లుడుగారూ?" అని అడిగాడు.

"మీ ఇష్టం మామగారూ," అన్నాడు యజమాని. అక్కడే కొంప మునిగింది.

మామగారు నియమాలు రాశాడు. ఎవరిచ్చారో, ఏం చూసి ఇచ్చారో చెప్పని గుర్తు గుర్తే కాదన్నాడు. సరుకు అమ్ముకునేవాడే తన సరుకుకు గుర్తు ఇచ్చుకోకూడదన్నాడు. ప్రతి ఆకు కిందా ఒక నంబరుండాలి, ఆ నంబరుతో ఎవరైనా మండలికి ఫోన్ చేసి వివరాలు అడగగలగాలి అన్నాడు. తర్వాత బట్టల పౌడరు ఆయన షెడ్డుకు వెళ్లి, మురుగు కాలవ వాసన చూసి, యజమాని లేనప్పుడు పనివాళ్లతో మాట్లాడి, ఆకు ఇవ్వను పొమ్మన్నాడు. పౌడరు ఆయన చిందులు తొక్కాడు. కానీ దీపాల కింద చోటు కావాలాయె. కాలవ బాగు చేయించి, పనివాళ్లకు మంచి గాలి వచ్చే గది కట్టించి, ఆకు తెచ్చుకున్నాడు. ఆయన్ని చూసి షాంపూవాళ్లు, ఆ వెనక గిన్నెల సబ్బువాళ్లు బాగుపడ్డారు.

అర నిండా నంబరున్న ఆకులే. నంబరు లేని ఆకు ఒక్కటే మిగిలింది.

మామగారు సంచీ భుజాన వేసుకుని అల్లుడి షెడ్డుకే వచ్చాడు. నూనె డబ్బా మీద తట్టి, "ఈ నూనె ఎక్కడిది?" అన్నాడు.

"డబ్బాలోదండీ."

"డబ్బాలోకి ఎక్కడి నుంచి వచ్చింది?"

యజమాని బావమరిది వైపు చూశాడు. బావమరిది పైకప్పు వైపు చూశాడు. మామగారు ప్యాకింగ్ ఆవిడను పిలిచి చేతులు చూపించమన్నాడు. అరచేతుల్లో తోలు పొరలు పొరలుగా లేచిపోయి ఉంది.

"మామగారూ, అసలు ఆ ఆకుని పుట్టించింది నేనండీ," అన్నాడు యజమాని నీరసంగా.

"అందుకే మిమ్మల్ని ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. తన పేపరు తనే దిద్దుకున్నవాణ్ణి నేనెప్పుడూ పాస్ చేయలేదు."

ఆ రాత్రి భోజనాల దగ్గర కూతురు తండ్రికి కూర వడ్డించలేదు. ఆయన అడగనూ లేదు, మనసు మార్చుకోనూ లేదు.

నంబరు లేదని సూపర్ మార్కెట్ సబ్బులన్నీ వెనక్కి పంపేసింది. షెడ్డు నిండా తిరిగొచ్చిన పెట్టెలు. బావమరిది ఇంకేదో ఉపాయం చెప్పబోతే యజమాని కసురుకున్నాడు. "నా తెలివి నీకు పనికిరాకపోతే ఇంకెవరికైనా పనికొస్తుందిలే బావా," అని అతను అలిగి వెళ్లిపోయాడు.

ఒంటరిగా మిగిలిన యజమానికి పెట్టెల కన్నా ప్యాకింగ్ ఆవిడ చేతులే ఎక్కువ కనబడసాగాయి. "ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అని అడిగాడు.

"చెబితే సబ్బులు చేయడం మానేసి షెడ్డు మూసేస్తారేమోనని సార్," అందావిడ.

ఆయన మర్నాడే చేతులకు తొడుగులు తెచ్చాడు. ఏ తోటలోదో కాగితంతో సహా చెప్పగలిగే నూనె కోసం ఊళ్లు తిరిగాడు. అది ఖరీదెక్కువ. భార్య మొదట సణిగినా తర్వాత తనే దగ్గరుండి డబ్బాలు సరిచూసుకుంది. మామగారు మళ్లీ వచ్చాడు, అన్నీ చూశాడు, లేచి నిలబడి అల్లుడితో చేయి కలిపి నంబరు ఇచ్చాడు. యజమాని కళ్లు చెమర్చాయి. జీవితంలో మొదటిసారి తన సబ్బు తనకే మంచిదనిపించింది.

కొత్త పెట్టెలతో ఆయన సూపర్ మార్కెట్‌కు దాదాపు పరుగెత్తాడు. దీపాల అర నిండా ఏవో కొత్త సరుకులున్నాయి. ప్రతి దాని మీదా రెండేసి ఆకులు.

"ఒంటాకు ఎవరూ చూడట్లేదండీ," అన్నాడు మేనేజరు. "అందరికీ ఉందిగా. ఇప్పుడంతా జంట ఆకే. మీ బావమరిదిగారే ఇస్తున్నారు. కాలవలూ చేతులూ చూసే గొడవ లేదు, అడిగిన రోజే ఇచ్చేస్తారు."

"రెండో ఆకు దేనికట?"

"మొదటి ఆకు నిజమని చెప్పడానికటండీ."

యజమాని సబ్బుకు చోటు దొరక్కపోలేదు. ఇప్పుడా సబ్బును కళ్లు మూసుకుని నమ్మవచ్చు; కాకపోతే కొనాలంటే నేల తుడిచే గుడ్డల పక్కన, అట్టడుగు అరలో, కాస్త వంగి వెతుక్కోవాలి.