కామారెడ్డిలో ఒమన్ మ్యాప్

కారున్న ప్రతివాడూ అందులో పరాయి దేశం మ్యాప్ పెట్టుకోవాలి. సొంత దేశం మ్యాప్ పెట్టుకొని ఎవరు బాగుపడ్డారో చెప్పండి?

ఊరికే అనడం లేదు. అనుభవం మీద అంటున్నాను.

మా బావమరిది రాజేశం ఒమన్ రాజధాని మస్కట్‌లో డ్రైవర్. పది రోజులు వచ్చి పొమ్మని పిలిచాడు. తన కారు నాకిస్తాడట, దాన్ని నేనే నడుపుకుంటూ మా ఆవిడ ఉమారాణికి ఊరంతా చూపించాలట. ఒక్క మలుపు తప్పితే మళ్లీ తిరిగొచ్చేసరికి పొద్దుగూకుతుందనీ, అందుకని మ్యాప్ ఇక్కడే నింపుకొని రమ్మనీ ఫోన్‌లో మరీ మరీ చెప్పాడు.

నా దగ్గర ఒక పాత జీపీఎస్ డబ్బా ఉంది. దాన్ని కామారెడ్డి స్టేషన్ రోడ్డులో భూపాల్ దుకాణానికి తీసుకెళ్లాను. భూపాల్ సెల్‌ఫోన్లకు అద్దాలు వేస్తాడు, పెళ్లి వీడియోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తాడు, అడిగితే దేశాలు కూడా ఎక్కిస్తాడు. నలభై నిమిషాల్లో ఒమన్‌ను ఎక్కించి, రాజేశం ఇంటిని గమ్యంగా పెట్టి, మెమరీ కార్డులో జాగా చాలడం లేదని ఇండియాను తీసేశాడు. ఇంత పెద్ద దేశాన్ని అంత నిమ్మళంగా తీసేసిన మనిషిని నేనింతవరకూ చూడలేదు!

విమానానికింకా ఎనిమిది రోజులున్నాయి. కొత్త చెప్పులు కొన్నవాడు ఇంట్లో నాలుగడుగులు వేసి చూసుకోడా? నేనూ డబ్బాను కారు అద్దానికి అతికించి, ఎల్లారెడ్డిలో ఉన్న మా వదినగారింటికి బయల్దేరాను. పక్కన ఉమారాణి.

తాళం తిప్పగానే తెరంతా తెల్లకాగితమైపోయింది. మధ్యలో నా కారు, మస్కట్ వైపు చూపిస్తూ ఒక బాణం. అంతే. డబ్బాలోని ఆడగొంతు ఇంగ్లీషులో గంభీరంగా, "మీరు రోడ్డు మీద లేరు. దయచేసి దగ్గర్లోని రోడ్డు మీదికి వెళ్లండి" అంది.

ఎంత హాయి! ఇండియా ఉన్నన్నాళ్లూ అక్కడ కెమెరా ఉంది, ఇక్కడ మలుపుంది అని ఒకటే పోరు. ఇప్పుడామెకు ఒకటే ఫిర్యాదు.

దగ్గర్లో పెట్రోల్ బంకేదని నొక్కాను. రెండు వేల నూట ముప్పై కిలోమీటర్లంది. బంకు అంత దూరమని తెలిస్తే ఎవడైనా యాక్సిలరేటర్ తొక్కుతాడా? హోటల్ అడిగితే అదీ అంతే దూరం. దాంతో ఉమారాణి సర్వపిండి డబ్బా విప్పింది. కడుపుకు మేలు! ఇక దారి తప్పితే తప్పు మొగుడిదా పెళ్లానిదా అని తేల్చే సాక్షే లేదు. సంసారానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఫోన్‌లో చూద్దామని ఉమారాణి అంది. నేను ఒప్పుకోలేదు. పరీక్షలో కాపీ కొట్టే వంశం కాదు మాది.

లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి ఇరవయ్యేళ్లుగా పోతున్నాను. కానీ బాణం అంత నమ్మకంగా పడమర చూపిస్తుంటే, ఇరవయ్యేళ్లూ మనమే తప్పు పోయామేమో అనిపిస్తుంది. ఎడమకు తిరగాల్సిన చోట తిరగకుండా గాంధారి వైపు పోనిచ్చాను. మస్కట్ దగ్గరవుతున్న కొద్దీ ఉమారాణి మాటలు తగ్గిపోయాయి.

గాంధారి దాటాక, ఒక మట్టిబాట మొగదల, ముసలామె ఒకావిడ ఎర్ర తువ్వాల ఊపుతూ కనిపించింది. ఆపాను. ఆమె గబగబా వచ్చి కారులోకి తొంగిచూసింది. మొహం వాడిపోయింది.

"అంబులెన్స్ గాదా?"

ఆమె పేరు రుక్మాబాయి. ఆ బాట చివర మేగ్యా నాయక్ తండా ఆమెది. కోడలికి పొద్దుటి నుంచీ నొప్పులు. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే వాళ్లు బయల్దేరారు కూడా. కానీ డ్రైవర్ మ్యాప్‌లో తండా లేదు. అది అతన్ని చెరువు అవతల జొన్నచేలో నిలబెట్టింది. నేను వచ్చేసిన, మీరే లేరు అని అతను ఫోన్‌లో అంటున్నాడట.

ఇది కొత్త కాదు కాబట్టి ఆ తండాకు ఒక పద్ధతి ఉంది. ఎవరికి ప్రాణం మీదికొచ్చినా ముందు ఫోన్ చేస్తారు, ఆ వెంటనే ఇంట్లో ఒకరు ఎర్ర తువ్వాల పట్టుకొని రోడ్డెక్కుతారు. అందుకోసమే ప్రతి గడప పక్కనా ఒక తువ్వాల మేకుకు వేలాడుతుంటుంది. రుక్మాబాయి అలా రెండు గంటలుగా నిలబడి ఉంది.

నేనింకా ఆలోచిస్తుండగానే ఉమారాణి వెనక తలుపు తెరిచింది. తండాకు పోయి కోడలిని ఎక్కించుకున్నాం. ఆ మట్టిబాట మీద ఎగిరెగిరి పడుతుంటే డబ్బా మళ్లీ, "మీరు రోడ్డు మీద లేరు" అంది. అక్కడ మాత్రం ఆమె అన్నది అక్షరాలా నిజం.

కోడలు మూలుగుతోంది. రుక్మాబాయి కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఎల్లారెడ్డి దారి చూపిస్తూనే, వెలుగుతున్న తెర వంక చూసింది.

"గా డబ్బకు దవాఖాన ఎరుకేనా సారూ?"

అలవాటు కొద్దీ నొక్కాను. రెండు వేల నూట ముప్పై కిలోమీటర్లు. అది పిచ్చిదవ్వా, దాని మాట పట్టించుకోకు అన్నాను.

"పిచ్చిది గాదు సారూ. మాకు ఎప్పటికీ గంతనే దూరం ఉంటది" అంది.

ఎల్లారెడ్డి దవాఖానకు చేరిన అరగంటకు ఆడపిల్ల పుట్టింది. ఇంకాస్త ఆలస్యమైతే తల్లి దక్కేది కాదని నర్సు అంది. అక్కణ్నుంచి వదినగారింటికి పోయాం.

తర్వాత మస్కట్ వెళ్లాం. అక్కడ డబ్బా బంగారం! ఒకరోజు కొండల మధ్య ఖర్జూరపు తోటలోకి పోయే సన్నబాటకు కూడా పేరు పెట్టి పిలిచింది. చివరకు వెళ్తే మూడిళ్లు, ఆరు మేకలు. కారాపి చాలాసేపు చూశాం.

"ఈ మేకలకు జరమొచ్చినా డాక్టరు సక్కగ దొడ్డి ముందట దిగుతడు" అంది ఉమారాణి.

తిరిగి రాగానే డబ్బా పట్టుకొని భూపాల్ దగ్గరికి పోయాను. మేగ్యా నాయక్ తండా ఎక్కించమన్నాను. పాపం, పొద్దంతా వెతికాడు. జపాన్ ఉందన్నాడు, పోలండ్ ఉందన్నాడు. చివరికి తల గోక్కుంటూ, "ఫారిన్ అయితే దొరుకుతుండె సార్" అన్నాడు.

కాబట్టి పాఠకులారా, పెద్దలకు నాదొక్కటే మనవి. మేగ్యా నాయక్ తండాను వెంటనే విదేశంగా ప్రకటించండి. బాట మొగదల పాస్‌పోర్టుల మీద ముద్ర వేసే బాధ్యత రుక్మాబాయికే అప్పజెబుదాం, ఎలాగూ అక్కడ నిలబడటం ఆమెకు అలవాటే. ప్రకటన వెలువడిన నలభై నిమిషాల్లో భూపాల్ తండాను ఎక్కించేస్తాడు. అంబులెన్స్ సరాసరి గడప ముందు ఆగుతుంది.

మరీ తొందరేం లేదు. తువ్వాల ఉతికి మళ్లీ మేకుకు తగిలించారు. రుక్మాబాయి చిన్న కోడలికి ఇంకా ఏడో నెలే.