కోదండరాం పడవ కారలేదు

ఆదివారం పొద్దున ఇడ్లీలు తిని, పడవను తోపుడుబండికి కట్టి, ఎన్నూరు ఉప్పుటేరుకు తీసుకుపోయి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు తెడ్డేసుకుంటూ వెళ్లి, రాత్రి భోజనం వేళకు ఇల్లు చేరాలి. కోదండరాం వేసుకున్న ప్లాను ఇదీ. ఇందులో ఇడ్లీలు తినడం వరకు సక్రమంగానే జరిగింది.

ఆయన రాయపురంలో ఒక నూనెల మండీ గుమాస్తా. ఇంటి మిద్దె ఎక్కితే హార్బరులో ఓడలు కనిపిస్తాయి. పుట్టినప్పటి నుంచి వాటిని చూస్తున్నాడు గాని ఒక్కదానిలోనూ కాలు పెట్టలేదు. ఆ కొరత తీర్చుకోవడానికే, ఏదో విదేశీ పత్రికలో బొమ్మ చూసి, యంత్రాలు దిగుమతైన దేవదారు పెట్టెలు విప్పి, సన్నని బద్దలుగా కోసి, ఒకదాని పక్కన ఒకటి అతికించి, మీద వార్నీషు పూసి, ఒంటి మనిషి పడవ ఒకటి తయారుచేశాడు. దాన్ని కయాక్ అంటారట. పైభాగం కూడా చెక్కతో మూసే ఉంటుంది. మనిషి దిగి కూర్చోడానికి నడుమ గుండ్రటి కంత ఒకటి ఉంటుంది.

సంగతి తెలియగానే వీధి వీధంతా నౌకాశాస్త్రం మాట్లాడింది. సముద్రస్నానంలో మోకాళ్లు తడవనివాళ్లు కూడా అలల గురించి హెచ్చరించారు. అందరికన్నా గట్టిగా మాట్లాడినవాడు భార్య మంగ అన్నగారు, పప్పుల వ్యాపారి వెంకటాచలపతి.

"అగ్గిపెట్టె చెక్కతో పడవేంది బావా. చుక్క నీళ్లు కారినా ఆడనే గొడ్డలేసి చీల్చి, మా ఇంటి వేన్నీళ్ల పొయ్యిలో పెడతా. సరేనా?"

"కారకుంటే?"

"వీధి నడుమ నిలబడి తప్పు నాదేనంటా."

కోదండరాం సరేనన్నాడు. అన్న క్షణం నుంచి పొయ్యిలో మండుతున్న దేవదారు వాసన ఆయన ముక్కును వదల్లేదు.

ఆదివారం తోపుడుబండి సుబ్బన్ పడవను కట్టడానికి తాళ్లు తీసేసరికి అత్తగారు కోకిలమ్మ అరుగు మీదికి వచ్చింది.

"దీనికి నీళ్లు పోసి చూసినారా అల్లుడూ?"

"నీళ్లలోకే కదత్తా తీసుకుపోతా ఉండాను."

"కొత్త బిందెనే నీళ్లు పోసి చూడకుండా ఇంట్లో పెట్టం. దీన్ని నమ్మి మా బిడ్డ పసుపు కుంకుమలు ఉప్పుటేట్లోకి పంపాలా?"

"అత్తా, పడవకి నీళ్లు బయట ఉంటాయి."

"లోపలి నీళ్లు బయటికి రాకుంటే, బయటి నీళ్లు లోపలికి ఎట్ల వస్తాయి?"

లెక్కల్లో తప్పులు పట్టడమే వృత్తిగా బతికిన కోదండరాం ఇందులో తప్పెక్కడుందా అని వెతికాడు. దొరకలేదు.

పడవను అరుగు మీద గోనెసంచుల నడుమ కూర్చోబెట్టారు. ఆ పూట కొళాయి కూడా ఎందుకో ధారాళంగా వచ్చింది. తల్లీకూతుళ్లు బిందెలు అందించుకుంటూ కంత దాకా నింపారు. కోకిలమ్మ అడుగంతా అరచేత్తో తడిమి చూసింది. పొడిగా ఉంది. మెచ్చుకుని పడవ మూతికి పసుపు రాసి బొట్టు పెట్టింది. కోదండరాం గుండె ఉప్పొంగింది.

"సుబ్బన్, ఇంక వంచెయ్. పొద్దు పోతా ఉండాది."

పక్కింటి కన్నియమ్మ గుమ్మంలోంచి పరుగున వచ్చింది. "మంచినీళ్లు వీధిలో పారబోస్తారా సామీ? ఉండండి, బిందె తెస్తా."

పడవ ఖాళీ అవడానికి అదీ ఒక దారే కదా అనుకున్నాడు కోదండరాం. కాని కొళాయి ఆగిపోయాక ఒక ఆడమనిషి నిండు బిందెతో పోతుంటే రాయపురంలో వేరే దండోరా అక్కర్లేదు. కాసేపటికి వరస వీధి మలుపు దాటింది. వరసలో తగాదాలు మొదలయ్యాయి. కోకిలమ్మ తెడ్డు పుచ్చుకుని వాటిని సర్దసాగింది.

అప్పుడే నీళ్లబండి తోలించుకుంటూ కార్పొరేషన్ మేస్త్రి మారిముత్తు వచ్చాడు. ఆ వీధిలో తొట్టి పెట్టించలేదని పైవాళ్ల చేత ఆయన చాలాకాలంగా చీవాట్లు తింటున్నాడు. ఇప్పుడు ఎదురుగా తొట్టి, జనం, వరస, అజమాయిషీ అన్నీ ఉన్నాయి.

"దోమ దూరకుండా మూత కూడా పెట్టినారే" అని మురిసిపోయి, బండిలో నీళ్లు దాని నిండా పోయించి, సున్నంతో నంబరు రాయించాడు.

"అయ్యా, అది నా పడవండీ" అన్నాడు కోదండరాం.

"పడవైతే నీళ్ల మీద ఉండాల. నీళ్లు దీంట్లో ఉండాయి. ఇది తొట్టి."

కోదండరాం ఈ లెక్కలోనూ తప్పు వెతకడం మొదలుపెట్టాడు.

పడవ కోసం ఎన్నూరు ఒడ్డున ఎండలో కాచుకుని కాచుకుని, గొడ్డలి భుజాన వేసుకుని వెంకటాచలపతి దిగాడు. అరుగు మీద తడి చూడగానే మొహం వెలిగిపోయింది.

"కారిందే బావా" అని గొడ్డలి ఎత్తాడు.

వరస మొత్తం ఇటు తిరిగింది. "అది మా బిందెల్లోంచి ఒలికిన తడి. తొట్టి మీద చెయ్యేస్తే ఈ బిందె నీ నెత్తిన ఉంటాది" అంది కన్నియమ్మ. "సర్కారు సొత్తు" అన్నాడు మేస్త్రి. వెంకటాచలపతి గొడ్డలి దించాడు. పడవ అడుగు తడిమి చూశాడు. ఎంత తడిమినా పొడిగానే ఉంది. ఆడవాళ్ల నడుమ, వీధి నడుమ నిలబడి, "తప్పు నాదే బావా" అన్నాడు. ఎండకు గొంతు ఎండిపోయి ఆ ముక్క కూడా సరిగా రాలేదు. కోకిలమ్మ పడవలోంచే చెంబు ముంచి కొడుక్కి ఇచ్చింది.

కోదండరాం ఎదురుచూసిన మాట అదే. అయినా సంతోషం సగమే కలిగింది, మిగతా సగం ఏడుపు. పడవ పొయ్యి పాలు కాలేదు, తనకూ దక్కలేదు. మిద్దె ఎక్కి మళ్లీ ఓడలు చూస్తూ కూర్చున్నాడు.

ఆ పడవ ఏళ్ల తరబడి ఎండకూ వానకూ చెక్కుచెదరకుండా ఆ అరుగు మీదే నిలిచింది. దాని భద్రత గురించి వీధిలో ఎవరికీ అనుమానం మిగల్లేదు. ఇంతవరకు దాంట్లో మునిగినవి బిందెలు మాత్రమే.