ఫ్లోసీ నేలమాళిగలో గట్టి నేల

ఉత్తర ధ్రువ ప్రాంతంలో గడ్డకట్టిన నేల కరిగిపోయే బెడద ఇక పూర్తిగా అదుపులో ఉందని అమెరికా, కెనడాల ఉమ్మడి ముప్పు నివారణ కమిషన్ డైరెక్టర్ ప్రాట్ గారు ప్రకటించారు. అదుపు చేసిన పద్ధతి అమోఘం. సరిహద్దుకి ఇటూ అటూ ఊరికో థర్మామీటరు నేలలో పెడతారు. వేసవిలో వరసగా ముప్పై రోజులు సున్నా పైన చూపిస్తే ఊరు ఊరంతటినీ గట్టి నేల మీదికి మారుస్తారు. ఒక్కరోజు కిందికి దిగినా ఆ ఊరికి ముప్పు లేనట్టే.

అలాస్కా ఒడ్డున ఉన్న ఫ్లోసీకి ఈ మాటతో ప్రాణం లేచొచ్చింది. ఆమె ఇంటికీ సముద్రానికీ మధ్య నిరుడు ఇరవై అడుగుల గట్టు ఉండేది. ఇప్పుడు ఆరడుగులు మిగిలింది.

కొత్తగా గొయ్యి తవ్వే ఓపిక కమిషన్‌కి లేదు. తిమింగలం మాంసం దాచుకోడానికి ఫ్లోసీ ముత్తాత గడ్డకట్టిన నేలలో తవ్విన నేలమాళిగ ఉండనే ఉంది. థర్మామీటరు అందులో పెట్టారు. రెండేళ్లుగా లోపల నీళ్లు కారుతున్నాయనీ, ఆ మాంసం చూసి కుక్కలు కూడా మొహం తిప్పుకుంటున్నాయనీ ఫ్లోసీ చెప్పింది. అలాగైతే లెక్క నిజాయితీగా వస్తుందని ప్రాట్ గారు సంతోషించారు.

నిజాయితీగానే వచ్చింది. ఇరవై ఆరు రోజులు సున్నా పైనే. ఫ్లోసీ గిన్నెలూ దుప్పట్లూ మూట కట్టేసింది. ఇరవై ఏడో రోజున రెండు దేశాల మంత్రులు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. ప్రాట్ గారు నేలమాళిగలోకి దిగి, దిగినంత వేగంగా పైకొచ్చారు.

"ఈ కంపులో మంత్రులు నిలబడాలా?"

"మేం నిలబడట్లేదా సార్?"

"మీకంటే అలవాటు."

మధ్యాహ్నానికల్లా విమానంలో ఓ చల్లబరిచే యంత్రం దిగింది. మర్నాడు మంత్రులు మైనస్ పన్నెండు దగ్గర వణుకుతూ, గడ్డకట్టిన తిమింగలం కొవ్వు కొరికి, ఈ నేలకి ఢోకా లేదన్నారు. యంత్రం సంగతి ఫ్లోసీ చెప్పబోయింది. ఒక మంత్రి ఆమె చెయ్యి పట్టుకు ఊపుతూ, మీ పూర్వీకుల విజ్ఞానం ముందు మా సైన్సు ఎంతండీ అన్నాడు. ఫ్లోసీకి ఏడుపొచ్చింది. ఆనందబాష్పాలని ఫొటో తీసుకున్నారు.

యంత్రాన్ని ఆ పూటే సరిహద్దు అవతలి ఊరికి పంపారు. తనిఖీ అక్కడ కూడా ఉంది మరి. ఫ్లోసీ ఊరికి మాత్రం 'గట్టి నేల' అని సర్టిఫికెట్ ఇచ్చి, తరలించే జాబితాలోంచి కొట్టేశారు.

రెండు వారాలకి, గట్టు మూడడుగులకి వచ్చాక, కెనడా నుంచి విమానం వచ్చింది. పెర్సిస్ అనే ముసలావిడా, ఆవిడ వెనక ఊరంతా దిగారు. చేతిలో కమిషన్ కాగితం. వాళ్ల ఊరికి ముప్పు రుజువైనందున దగ్గర్లోని గట్టి నేల మీదికి, అంటే ఫ్లోసీ ఊరికి మార్చారట. పెర్సిస్‌కి ఇచ్చిన స్థలం ఫ్లోసీ ఇంటి పక్కనే. ఫ్లోసీ తీసుకెళ్లి చూపించింది. స్థలంలో అలలు కొడుతున్నాయి.

"అత్తా, మంత్రులు మీ ఊరికీ వచ్చారుగా. మరి మీకు సున్నా పైన ఎలా వచ్చింది?"

"మా అదృష్టమమ్మా. ఆ యంత్రం దారిలోనే చెడిపోయింది," అంది పెర్సిస్, పెట్టె దించుకోడానికి చోటు వెతుక్కుంటూ.